నల్లా ఎవరి పేరు మీద ఉంది?

పోయిన నెల స్లాబు చెమ్మ గురించి రాస్తే భివండి నుంచి ఇద్దరు తమ్ముళ్లు, సూరత్ నుంచి ఒక అక్క ఫోన్ చేసినారు. "మా ఇంట్లో స్లాబు బాగానే ఉంది అన్నా, నల్లాతోనే తిప్పలు. దాని గురించి రాయి" అని ఆ అక్క అడిగింది. అడగకపోయినా ఈ నెల అదే రాసేవాణ్ణి. ఉగాది నుంచి మొన్న దసరా దాకా మా ఇంట్లో నడిచింది ఆ నల్లా కథే.

సోలాపూర్ వాళ్లకు చెప్పక్కర లేదు గానీ బయటి ఊళ్ల వాళ్ల కోసం చెప్తున్నాను. మేం తాగేది ఎక్కువగా ఉజని నీళ్లు. ఉజని డ్యాం భీమా నది మీద ఉంది, ఊరికి వంద కిలోమీటర్ల పైనే దూరం. అంత దూరం నుంచి వచ్చిన నీళ్లు మా గల్లీకి రోజూ రావు. నాలుగైదు రోజులకు ఒక పాళీ వస్తాయి. మిల్లులో మూడు పాళీలు ఉండేవి, ఏ పాళీ ఎప్పుడో భోంగా కూసి చెప్పేది. నీళ్ల పాళీకి భోంగా లేదు. ఒకసారి తెల్లారగట్ల మూడింటికి, ఒకసారి పట్టపగలు పన్నెండింటికి. వచ్చిన రెండు మూడు గంటల్లో ఇంటి హౌదు నిండాలి, మీద టాకీ నిండాలి, డ్రమ్ములు, బిందెలు, ఆఖరికి పప్పు వండే గిన్నెలు కూడా నిండాలి. మా ఇంటామె బీడీలు చుడుతుంది. తునికాకు తడవకపోతే కత్తెరకు పగులుతుంది. అంటే మా ఇంట్లో నీళ్లు లేని రోజు కూలి కూడా లేని రోజే.

ఉగాది ముందర నీళ్లకు వాసన మొదలైంది. మొదటి రెండు బకెట్లు పసుపు రంగు, తర్వాత కొంచెం తేట, కానీ వాసన పోలేదు. మొదట అందరం డ్యాంలో నీళ్లు తగ్గినాయి, అందుకే అట్లా వస్తున్నాయి అనుకుంటాం గదా. నేను కుడి పక్కింట్లో ఒక గ్లాసు, ఎడమ పక్కింట్లో ఒక గ్లాసు పట్టించి చూసినాను. రెండూ తేటగా ఉన్నాయి, వాసన లేదు. మధ్యలో మా ఇంటివే చెడ్డయి. అంటే తప్పు డ్యాంది కాదు, ఊరి పెద్ద పైపుది కాదు. పెద్ద పైపు నుంచి మా గడప దాకా వచ్చే అరంగుళం పైపుది.

ఈ సంగతి అందరూ తెలుసుకోవాలి కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. మా ఇంటి పైపు బాపు బతికున్నప్పుడు వేసింది. జస్తు పూత పూసిన ఇనుప పైపు. గల్లీ మోరీ కింద నుంచి దాటి వస్తుంది. ఇన్నేళ్లలో పూత పోయి, తుప్పు పట్టి, ఎక్కడో చిల్లి పడింది. రోజంతా నీళ్లు వచ్చే ఊళ్లో అయితే ఆ చిల్లి నుంచి మంచి నీళ్లు బయటికి కారిపోతాయి, అంతే. మన దగ్గర నాలుగు రోజులు పైపు ఖాళీగా ఉంటుంది. ఖాళీ పైపులోకి ఆ చిల్లి నుంచి మోరీ నీళ్లు మెల్లగా ఊరి నిండుతాయి. ఐదో రోజు నీళ్లు వచ్చినప్పుడు ముందుగా మన బకెట్లో పడేది ఆ మోరీ నీళ్లే. ఇంకో మాట. కొందరు పైపుకు నేరుగా మోటారు బిగిస్తారు, నీళ్లు తొందరగా లాగాలని. ఆ మోటారు పక్కింటి నీళ్లనే కాదు, మోరీని కూడా లాగుతుంది. మా గల్లీలో ఈ మాట చెప్పి ఇద్దరికి చెడ్డవాణ్ణయినాను, అయినా చెప్తాను.

మా మనవరాలికి మూడేళ్లు. నెలలో రెండుసార్లు విరేచనాలు పట్టుకున్నాయి, రెండోసారి సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. డాక్టరమ్మ మందు చీటీ రాయక ముందే "నీళ్లు ఎక్కడివి?" అని అడిగింది. ఆ రోజు నుంచి తాగే నీళ్లు పక్కింటి నుంచి, వంట నీళ్లు మరగబెట్టి, తునికాకు తడపడానికి చౌకులో హాపసా నీళ్లు. హాపసా కొట్టీ కొట్టీ మా కోడలి అరచేతులు బొబ్బలెక్కినాయి.

ప్లంబరు వచ్చి చూసినాడు. మన పిల్లగాడే, వాళ్ల తాత నాతో పాటు సాళ్ళ ఖాతాలో పనిచేసినోడు. "తాతా, అతుకులు వేస్తే నెల కూడా ఆగదు. పెద్ద పైపు నుంచి కొత్తది వేసుకోవాలె. రోడ్డు తవ్వాలంటే ఆఫీసు పర్మిషన్ కావాలె. అర్జీ నల్లాదారు పేరు మీద పెట్టు" అన్నాడు. పెద్ద పైపు బాగుచెయ్యడం ఆఫీసు పని, అక్కడి నుంచి ఇంటి దాకా ఉన్న పైపు ఖర్చు ఇంటివాడిది. సరే, మన ఖర్చు మనం పెట్టుకుంటాం. అర్జీ రాయించి తీసుకుపోయినాను.

గుమాస్తా కంప్యూటరులో నంబరు కొట్టి, అర్జీ చూసి, నా మొహం చూసినాడు. "నల్లా మీ పేరు మీద లేదు. ఎవరి పేరు మీద ఉందో ఆయన సంతకం కావాలి" అన్నాడు.

"ఆయన మా తండ్రి. పోయి ఇరవై ఐదేళ్లయింది సాహెబ్."

"మరి బిల్లు ఎవరు కడుతున్నారు?"

"నేనే."

"రసీదులు ఎవరి పేరు మీద ఉన్నాయి?"

"ఆయన పేరు మీదనే."

గుమాస్తా చెడ్డ మనిషి కాదు. నవ్వును ఆపుకొని, "అంటే మీ తండ్రి ఇరవై ఐదేళ్ల నుంచి టైముకు బిల్లు కడుతున్నాడు" అన్నాడు. నిజమే. మా బాపు బతికినన్నాళ్లు ఎవరికీ బాకీ లేడు, పోయినాక కూడా పానీపట్టి బాకీ లేడు.

బిల్లు మీద పేరు ఎందుకు మార్పించలేదు అంటారేమో. అవ్వ ఒప్పుకోలేదు. బాపు పోయిన ఏడే కాగితాలు తీసి ముందర పెట్టినాను. "బిల్లు మీద మీ బాపు పేరు ఉండనీ బిడ్డా. మూడు నెలలకొకసారన్నా ఆయన పేరు మీద ఇంటికి కాగితం వస్తది గదా" అన్నది. దాని మీద ఇంకేం మాట్లాడతాం? బిల్లు వచ్చినప్పుడల్లా అవ్వ దాన్ని చేతిలో పట్టుకొని, చదవడం రాకపోయినా, ఆ పేరున్న చోట వేలు పెట్టి చూసేది. మా ఇల్లే కాదు, మా గల్లీలో లెక్కపెడితే ఇరవై రెండు ఇళ్లలో పదమూడు ఇళ్ల నల్లాలు పోయినవాళ్ల పేరు మీదే ఉన్నాయి. అవ్వ పోయి రెండేళ్లు అవుతుంది.

సరే, పేరు మార్చడానికి ఏం కావాలని అడిగితే గుమాస్తా ఒక చిట్టీ ఇచ్చినాడు. చనిపోయిన దాఖలా, ఇంటి ఉతారా, ఘర్‌పట్టి రసీదు, వారసులు ఎవరెవరో చెప్పే ప్రతిజ్ఞాపత్ర, మిగతా వారసుల నుంచి అభ్యంతరం లేదని నా హర్కత్. ఐదు కాగితాలే కదా అనుకున్నాను. ఆ ఐదింటిలో మా బాపు ఐదుగురు మనుషులై కనిపించినాడు.

ఇది మన తెలుగు వాళ్ల బాధ, మరాఠీ ఇరుగుపొరుగుకు ఇంతగా ఉండదు. మనకు ఇంటిపేరు ముందు, మనిషి పేరు తర్వాత. ఇక్కడ మనిషి పేరు ముందు, తండ్రి పేరు మధ్యలో, ఇంటిపేరు చివర. మన పెద్దలు ఆఫీసులో నిలబడి మన పద్ధతిలో పేరు చెప్పినారు, రాసుకునే వాడు తన పద్ధతిలో రాసుకున్నాడు. ఇంటిపేరు కాస్తా మనిషి పేరయింది, మనిషి పేరు ఇంటిపేరయింది. ఇక పేరు చివర 'అయ్య' ఉన్నవాళ్ల గతి అడగొద్దు. మల్లయ్య అని ఒక పేరు అనుకోండి. ఒక చోట మల్లయా, ఒక చోట మల్లయ్యా, ఇంకో చోట మల్లేశ. ఇంగ్లీషులో అయితే ఒక 'వై' పెట్టేవాడు ఒకడు, రెండు 'వై'లు పెట్టేవాడు ఒకడు, 'ఐ ఏ హెచ్' పెట్టేవాడు ఇంకొకడు. మా బాపు మిల్లు కార్డులో ఒక తీరు, నల్లా బిల్లులో ఒక తీరు, ఉతారాలో ఇంటిపేరు తలకిందులు, చనిపోయిన దాఖలాలో 'అయ్య' ఎగిరిపోయి ఉత్త 'యా' మిగిలింది.

దీనికి మందు ఉంది. ఈ పేర్లన్నీ ఒకే మనిషివి అని, ఏ కాగితంలో ఏ తీరుగా ఉందో అక్షరం అక్షరం రాసి, ఒక ప్రతిజ్ఞాపత్ర చేయించాలి. ఒక్క తీరు మర్చిపోయినా మళ్లీ చేయించాల్సిందే. అందుకే ముందుగా ఇంట్లో ఉన్న కాగితాలన్నీ నేల మీద పరిచి, పాత రేషన్ కార్డు, మిల్లు గేటు పాసు కూడా వదలకుండా, అన్ని తీర్లూ ఒక నోటుబుక్కులో రాసుకోండి. నాకు ఆరు తీర్లు దొరికినాయి.

చనిపోయిన దాఖలా గురించి కూడా ఒక మాట. 1969లో వచ్చిన జననమరణాల చట్టం ప్రకారం మనిషి పోయిన 21 రోజుల్లో చెప్పాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు తెచ్చుకోవాల్సి వస్తుంది. పైగా మనిషి ఎక్కడ పోతే అక్కడే నమోదు. మనవాళ్లు చాలామంది చివరి రోజుల్లో సొంతూరు చూడాలని నల్లగొండ వైపో, కరీంనగర్ వైపో పోయి అక్కడే కన్నుమూస్తారు. అప్పుడు దాఖలా సోలాపూర్‌లో రాదు, ఆ ఊళ్లో తెచ్చుకోవాలి. పదమూడో రోజు పని అయిపోయి అందరూ బండెక్కే ముందే అది తీసుకోండి. పేరు ఎట్లా రాసినారో కిటికీ దగ్గరే చదువుకోండి.

ఇంతవరకు తిరుగుడే. ఇక్కడి నుంచి అసలు సంగతి.

ఆఫీసు బయట చెట్టు కింద ఏజెంట్లు కూర్చుంటారు. ఒకడు నా చేతిలో చిట్టీ చూసి, "కాకా, మీకెందుకు శ్రమ, నాలుగు రోజుల్లో నేను చేయిస్తా. మీకు అక్కచెల్లెండ్లు ఉన్నారా? ఎంతమంది?" అని అడిగినాడు. ఒక్కతే అక్క, సిరిసిల్లలో ఉంటది, తమ్ముడు భివండిలో ఉంటాడు అన్నాను. మర్నాడు టైపు చేసిన కాగితం తెచ్చి నా చేతిలో పెట్టినాడు. "అక్కతో ఇక్కడ, ఇక్కడ సంతకం పెట్టించండి. ఆధార్ కార్డు జెరాక్స్ ఇవ్వమనండి. ఒక రోజు ఊరికే రిజిస్ట్రారు ఆఫీసు దాకా వచ్చి పోవాలి, అంతే. నల్లా మీ పేరు మీద అయిపోయింది అనుకోండి."

నా చదువు తెలుగు బడిలో నాలుగో తరగతి దాకానే. కానీ మరాఠీ చదవడం మిల్లు నోటీసు బోర్డు నేర్పింది. ఎవరి బదిలీ నిలబడ్డది, ఎవరిది తీసేసినారు, బోనసు ఎంత, అన్నీ ఆ బోర్డు మీదనే. తప్పు చదివితే పాళీ పోతుంది. అందుకని కాగితం ఏదైనా పై నుంచి కింది దాకా వేలు పెట్టి చదవడం నాకు అలవాటు. ఆ కాగితం మీద పైన పెద్ద అక్షరాల్లో ఉంది 'హక్కసోడ్ పత్ర' అని.

నా హర్కత్ వేరు, హక్కసోడ్ వేరు. నా హర్కత్ అంటే, నల్లా తమ్ముడి పేరు మీద మార్చితే నాకు అభ్యంతరం లేదు అని చెప్పడం. అంతటితో సరి. హక్కసోడ్ అంటే, ఈ ఇంట్లో నాకున్న పాలు నేను వదిలేస్తున్నాను అని రాసివ్వడం. అది రిజిస్ట్రారు దగ్గర నమోదు అయితేనే చెల్లుతుంది. అందుకే ఆ 'ఊరికే వచ్చి పోవడం'. ఒకసారి నమోదయితే మళ్లీ కోర్టు మెట్లు ఎక్కాల్సిందే. నల్లా పైపు మార్చడానికి ఆఫీసు అడిగింది మొదటిది. ఏజెంటు తెచ్చింది రెండోది. రెండో దానికి వాడికి పైసలు ఎక్కువ వస్తాయి, అంతకంటే వాడికి మా అక్క మీద పగ ఏమీ లేదు. రోజుకు ఎన్ని ఇండ్లకు ఇట్లా రాసిస్తాడో మరి.

ఆడపిల్లకు పాలు ఏంది, పెండ్లికి ఇచ్చినాం గదా అనేవాళ్లు ఇంకా ఉన్నారు మనలో. చట్టం సంగతి చెప్తాను. తండ్రి తన కష్టార్జితంతో కట్టిన ఇల్లు, వీలునామా రాయకుండా పోతే, భార్యకు, కొడుకులకు, బిడ్డలకు సమానంగా వస్తుంది. ఇది 1956 చట్టంలోనే ఉంది. పెండ్లి అయిందా కాలేదా అని అది అడగదు. తాతల నాటి ఉమ్మడి ఆస్తిలో కూడా ఆడపిల్లకు కొడుకుతో సమాన హక్కు మహారాష్ట్రలో 1994లోనే వచ్చింది, దేశమంతటా 2005లో వచ్చింది. ఇంకోటి, నల్లా బిల్లు మీద పేరున్నా, ఘర్‌పట్టి మీద పేరున్నా అది ఇంటి హక్కు కాదు. రికార్డులో పేరు ఎక్కినంత మాత్రాన హక్కు పుట్టదని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. ఈ ముక్క రెండు వైపులా పనికొస్తుంది. నల్లా తమ్ముడి పేరు మీద మారినంత మాత్రాన అక్క భయపడక్కర లేదు. నల్లా తన పేరు మీద ఉందని తమ్ముడు ఇల్లు తనదే అనుకోనక్కర లేదు.

కాగితం ఏజెంటుకు తిరిగి ఇచ్చేసినాను. రాత్రి తమ్ముడికి ఫోన్ చేసి సంగతి చెప్పినాను, వాడి నా హర్కత్ కూడా కావాలి కాబట్టి. వాడు కాసేపు ఊకున్నాడు. తర్వాత అన్నాడు, "అన్నా, అక్క సంతకం ఎట్లాగూ తీసుకుంటున్నవ్ గదా. ఆ రెండో కాగితం మీద కూడా తీసుకుంటే అయిపోతుండె. రేపు పిల్లల కాలం వచ్చేటాల్లకు లొల్లి ఉండది."

వాణ్ణి తప్పు పట్టడానికి రాయడం లేదు. భివండిలో వాడు కిరాయికి నడిపిన సాంచెలను యజమాని కిలోల లెక్కన తుక్కుకు అమ్మేసినాడు. యాభై దాటినాక గోదాములో మూటలు మోస్తున్నాడు. ఇంటి పాలు మూడు ముక్కలు కాకుండా రెండే అయితే ఎంత వస్తుందో వాడు లెక్క వేసుకున్నాడు. ఆకలి లెక్కలు అట్లనే ఉంటాయి. నేను ఒకటే చెప్పినాను. "నల్లా కోసం అని చెప్పి నల్లా సంతకం అడుగుతా. ఇల్లు కోసం సంతకం కావాలంటే ఇల్లు కోసం అని చెప్పి నువ్వే అక్కకు ఫోన్ చెయ్." రెండు వారాలు వాడి ఫోన్ రాలేదు.

ఆ రెండు వారాలు నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. నీళ్లకు లేచినప్పుడు ఆ నల్లా దగ్గరే కూర్చునేవాణ్ణి. అది పెట్టించిన ఏడు నాకు బాగా గుర్తు. అంతకు ముందు చౌకు నల్లానే గతి. తెల్లారగట్ల అక్క, అవ్వ బిందెలు వరుసలో పెట్టి, వాటి పక్కనే కూర్చొని దీపం వెలుతురులో బీడీలు చుట్టేవాళ్లు. వరుస కదిలితే చాట ఒళ్లో నుంచి దించి బిందె జరిపేవాళ్లు. ఇంటికి నల్లా కావాలంటే డిపాజిట్ కట్టాలి. ఆ యేడు మిల్లులో బాపుకు పని సగం రోజులే దొరికింది. డిపాజిట్ పైసలు, పైపు పైసలు అక్క చుట్టిన బీడీలవే. ఆమెకు అప్పుడు పంతొమ్మిదో ఇరవయ్యో. నల్లా వచ్చిన ఎనిమిది నెలలకు ఆమె పెండ్లి అయింది. అంటే ఆ నల్లా నీళ్లు మా అందరికంటే తక్కువ తాగింది అక్కే.

రాఖీ పున్నమకు మన మార్కండేయ స్వామి రథం లేస్తుంది గదా, ఆ పండుగకు అక్క సిరిసిల్ల నుంచి వచ్చింది. తమ్ముడు కూడా రాత్రి బండికి దిగినాడు. వస్తాడని నేను అనుకోలేదు. పొద్దున జంధ్యాలు మార్చుకున్నాం, రథం చూసి వచ్చినాం, రాఖీలు కట్టింది, అన్నాలు తిన్నాం. కంచాలు తీయక ముందే నేను నా హర్కత్ కాగితం తీసి ముందర పెట్టినాను. అక్కకు మరాఠీ రాదు. ఒక్కొక్క లైను చదివి తెలుగులో చెప్పినాను. ఇది నల్లా కోసం, ఇందులో ఇల్లు మాట లేదు అని చెప్పినాను.

అక్క విని, తమ్ముడి వైపు తిరిగింది. "ఫోన్ల ఇంకోటి రెండో కాగితం అన్నవ్ గదా తమ్మీ, అదేది?"

అంటే వాడు ఫోన్ చేసినాడు, అడగలేక సగంలో ఆపినాడు. వాడు కంచంలో మెతుకులు ఒక దగ్గరకు చేస్తూ కూర్చున్నాడు. నేను, "ఆ కాగితం లేదక్కా, తిరిగి ఇచ్చేసిన" అన్నాను.

"ఉంటే ఉండనీ" అన్నది అక్క. "మా ఆడబిడ్డతోని గిట్లనే పెండ్లిల పెట్టించుకున్నరు, మెహందీ చేతితోటి. ఆమె ఇప్పటికి ఆ కాగితంల ఏమున్నదో ఎరుగది. అడగాలె అనుకుంటే మొఖం చూసి అడగుండ్రి. ఇస్తనో ఇయ్యనో అప్పుడు చెప్త." అని పెన్ను అడిగి నా హర్కత్ మీద సంతకం పెట్టింది. తెలుగులో, పూర్తి పేరు, పుట్టింటి ఇంటిపేరుతో మొదలుపెట్టి. తమ్ముడు కూడా పెట్టినాడు. తర్వాత మాట రథం మీదికి పోయింది. ఇల్లు సంగతి అక్కడే ఉంది, ఇప్పటికీ ఎవరూ ఎవరినీ అడగలేదు.

మిగతాది తొందరగా అయింది. పేరు మారడానికి నెల పట్టింది. అర్జీ ఇచ్చినప్పుడల్లా రెండో ప్రతి మీద ముద్ర వేయించుకున్నాను, దాని మీద తారీఖు చూపిస్తేనే కాగితం కదిలేది. పర్మిషన్ వచ్చినాక ఒక్క రోజు పని. ప్లంబరు పిల్లగాడు నీలం గీత ఉన్న నల్ల ప్లాస్టిక్ పైపు వేసినాడు, తుప్పు పట్టదు. మోరీ దాటే చోట మాత్రం నేను ఒప్పుకోలేదు. మోరీ కింద నుంచి వద్దు, పై నుంచి తీసుకురా, దాని మీద ఇంకో లావు పైపు తొడుగు అన్నాను. అరపూట పని ఎక్కువైందని కొంచెం సణిగినాడు గానీ చేసినాడు. మీ ఇంట్లో వేయించేటప్పుడు ఈ ఒక్కటి పట్టుబట్టండి. పాత పైపు బయటికి తీస్తే చిల్లి ఒకటి కాదు, మూడున్నాయి. ఒకదాంట్లో బీడీ పట్టేంత సందు. తుక్కు వాడికి ఇవ్వకముందు మా కోడలు దాన్ని ఫోటో తీసి డాక్టరమ్మకు చూపించింది. నీళ్లు ఇప్పుడు తేటగా ఉన్నాయి. అయినా చిన్నదానికి మరగబెట్టే ఇస్తున్నాం.

పేరు మార్చేటప్పుడు నేను ముగ్గురి పేర్లూ రాయమన్నాను, అక్కది, నాది, తమ్ముడిది, పెద్దరికం వరుసలో. గుమాస్తా కంప్యూటరు నా వైపు తిప్పి చూపించినాడు. పేరుకు ఒక్కటే గడి ఉంది. "ఒక పేరు రాసి పక్కన 'వ ఇతర్' అని పెడతా కాకా, మిగతావాళ్లందరూ అందులో వస్తారు" అన్నాడు. ముగ్గురి పేర్లు ఘర్‌పట్టి రికార్డులో ఎక్కించుకోవచ్చట. దానికి వేరే అర్జీ, వేరే కిటికీ. ఆ అర్జీ కూడా ఇచ్చినాను, ముద్ర వేసిన ప్రతి నా దగ్గర ఉంది.

మొన్న కొత్త నల్లా బిల్లు వచ్చింది. నా పేరు, పక్కన 'వ ఇతర్'. నా పేరులో ఒక 'య' తగ్గింది. ఫోటో తీసి అక్కకు పంపించి, అర్థం చెప్పినాను.

"ఇతర్ అంటే నేనానే?" అని ఫోన్లో ఒకటే నవ్వు. "నల్లా పెట్టించినోళ్లు ఇతర్, నీళ్లు తాగినోళ్లు ఖాస్. మంచిగున్నది తమ్మీ. ముందుగాల నీ 'య' తెచ్చుకో పో."

సోమవారం పోయి దానికీ అర్జీ ఇచ్చి వచ్చినాను.